కారణం లేని కృతజ్ఞత కూడిక

మా సంఘం ఆదివారాలు కూడుకునేది అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటరు నాలుగో అంతస్తులో. సోమవారం నుంచి శనివారం దాకా ఆ గదిలో సాఫ్ట్‌వేర్ పాఠాలు నడుస్తాయి. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా మా ఆరాధన. శనివారం పాఠం చెప్పిన సారు బోర్డు మీద ఒక మూల గీత గీసి 'చెరపవద్దు' అని రాసి వెళ్తాడు. మా పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం. ఆయన ఆ మూల జోలికి పోకుండా మిగతా బోర్డు తుడిపించి ఆ రోజు వాక్యభాగం రాస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు రెండూ కలిపి నోట్సు రాసుకున్న ఆదివారాలు కూడా ఉన్నాయి.

నలభై ఒకటో ఏట నేను ఆ గదిలో వారానికి ఏడు రోజులూ కూర్చున్నాను. ఆరు రోజులు విద్యార్థిని, ఏడో రోజు విశ్వాసిని. కుర్చీ కూడా ఒకటే, కిటికీ పక్కన మూడో వరుసలో. పెళ్ళికి ముందు నుంచీ ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేసేదాన్ని. అమ్మాయి పుట్టినప్పుడు మానేశాను. దానికి మూడేళ్ళు వచ్చాక మళ్ళీ వెళ్దామనుకుంటుండగా మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఏడేళ్ళు మంచంలో ఉండి వెళ్ళిపోయారు. ఆవిడ పోయిన ఏడాదికి లెక్క చూసుకుంటే ఉద్యోగం మానేసి పదకొండేళ్ళు.

అప్పుడు పట్టుకుంది నాకు ఉద్యోగం పిచ్చి. ఇల్లు గడవక కాదు. మా ఆయన పంజాగుట్టలో ఒక ల్యాబులో టెక్నీషియను, పొద్దున ఆరున్నరకల్లా వెళ్ళి పరగడుపు రక్తాలు తీస్తాడు. మధురానగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, వండుకుని తినడానికి లోటు లేదు. నాకు కావలసింది వేరు. అమీర్‌పేటలో పొద్దున తొమ్మిదింటికి మెట్రో స్టేషన్ మెట్ల కింద నిలబడితే దిగివచ్చే ప్రతి మెడలోనూ ఒక ఐడీ కార్డు వేలాడుతుంది. అది నా మెడలో కూడా వేలాడాలి. స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్తే 'మీరేం చేస్తుంటారు' అన్న ప్రశ్నకి నేను తల దించుకోకుండా జవాబు చెప్పాలి. ఇంత చిన్న కోరిక అని మీరు అనుకోవచ్చు. నాకు మాత్రం అది నిద్ర పట్టనివ్వనంత పెద్దది.

సాఫ్ట్‌వేర్ టెస్టింగులో చేరాను. అంటే ఎవరో చేసిన ప్రోగ్రాములో తప్పులు పట్టుకునే పని. తప్పులు పట్టడం నీకు కొత్తా అని మా ఆయన నవ్వాడు. "అమ్మా, మీ క్లాసులో అందరూ నిన్ను ఆంటీ అంటారా?" అని అడిగింది మా అమ్మాయి. అనేవాళ్ళు. నా పక్కన కూర్చునే పిల్లలు హాస్టళ్ళలో ఉంటూ, టిఫిన్ బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటూ, నాలుగు నెలల్లో కోర్సు ముగించి ఎగిరిపోయేవాళ్ళు. నేను ఒకే కోర్సు రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థమయ్యింది, రెండోసారి గుర్తుంది. ఫీజు కట్టిన మొదటి రోజే అనుకున్నాను, ఇక్కడి నుంచి ఉద్యోగం లేకుండా దిగను అని.

ఆదివారాలే కష్టంగా ఉండేవి. మా ఆరాధనలో పాటల తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి నిలబడి ఆ మేలు చెప్పాలి. అందరూ ఒకే రకంగా మొదలుపెడతారు: "ఎక్కువ సమయం తీసుకోను, రెండు నిమిషాల్లో ముగిస్తాను." ఆ రెండు నిమిషాలు ఇరవై నిమిషాలకు తక్కువలో ముగిసింది నేను చూడలేదు. చుట్టూ హాస్టళ్ళు కాబట్టి లేచేవాళ్ళలో సగం మంది కుర్రాళ్ళు, అమ్మాయిలు. ఆఫర్ లెటర్ వచ్చిందంటారు, ప్యాకేజీ పెరిగిందంటారు. అందరం 'దేవునికి స్తోత్రం' అంటాం. నేనూ అనేదాన్ని. నోటితో స్తోత్రం, కడుపులో మంట. నాతో పాటు అదే గదిలో అదే పాఠం విన్న పిల్ల లేచి సాక్ష్యం చెప్తుంటే, 'దీనికి నేను చెప్తే కదా ఆ పాఠం అర్థమయ్యింది' అని దేవుడికి గుర్తుచేసేదాన్ని. ప్రార్థనలో నేను ఏం అడిగానో గుర్తు తెచ్చుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోజుల్లో నా ప్రార్థన అంతా ఒక ఫిర్యాదు పుస్తకం.

ఆ గదికి సంబంధించిన మనిషి ఇంకొకరున్నారు. కోచింగ్ సెంటరులో ఊడ్చి తుడిచే ఆవిడ. అరవై దాటి ఉంటాయి, యూసుఫ్‌గూడ బస్తీలో ఒక గదిలో ఒంటరిగా ఉంటుంది. మా సంఘస్థురాలే. ఆదివారం గది తాళం తీసేదీ ఆవిడే, మా కుర్చీలు సర్దేదీ ఆవిడే. వారంలో ఆరు రోజులు తడిగుడ్డ పట్టుకుని నా కుర్చీ దగ్గరికొచ్చి, "మేడమ్, జర కాళ్ళు మీదికి పెట్టుకోండ్రి" అనేది. ఏడో రోజు తెల్లచీర కట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని, "మంచిగున్నవా బిడ్డా?" అనేది. నేను ఆదివారం 'పెద్దమ్మా' అనేదాన్ని. మిగతా రోజుల్లో ఏమీ అనేదాన్ని కాదు, కాళ్ళు ఎత్తేదాన్ని అంతే. పిల్లల ముందు ఎందుకులే అనుకునేదాన్ని. ఎందుకో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

రెండోసారి కోర్సు అయ్యాక ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. తొమ్మిదో దానికి పంజాగుట్టలో ఒక ఆఫీసుకి వెళ్ళాను. చల్లటి గది, ఎదురుగా నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. టెస్టింగు ప్రశ్నలన్నింటికీ గడగడా చెప్పాను. చివర్లో నా కాగితం తిరగేసి, "మధ్యలో పదకొండేళ్ళు ఖాళీ ఉందేంటి మేడమ్? ఏం చేశారు?" అన్నాడు.

"ఏమీ లేదండీ," అన్నాను. "ఇంట్లోనే ఉన్నాను."

అతను తల ఊపి రాసుకున్నాడు. మంగళవారం ఫోను వచ్చింది. సెలెక్ట్ అయ్యారు, వారంలోపు లెటర్ మెయిల్లో వస్తుంది, పాత ఆఫీసు కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి అన్నారు. ఫోను పెట్టేశాక వంటగట్టు పట్టుకుని నిలబడి, ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్ళీ ఏడ్చాను.

మాలో కృతజ్ఞత కూడిక అని ఒకటుంది. మేలు జరిగిన ఇంటివాళ్ళు సంఘమంతటినీ ఇంటికి పిలుస్తారు. పాటలు, ప్రార్థన, వాక్యం అయ్యాక ఇంటివాళ్ళు లేచి ఎందుకు పిలిచారో చెప్తారు. ఆ తర్వాత భోజనం. ఉద్యోగానికి, పెళ్ళికి, కొత్త ఇంటికి, ఆపరేషన్ నుంచి బయటపడ్డందుకు పెడతారు. పదకొండేళ్ళుగా నేను ఒకరి కూడికలో అన్నం తిని రావడమే గాని పిలిచింది లేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నిలబడి, "శనివారం సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో కృతజ్ఞత కూడిక, అందరూ రావాలి," అని చెప్పేశాను. మర్నాడు కాదు, వారం తర్వాత వచ్చే శనివారం.

అయ్యగారు నెమ్మదస్తుడు. ప్రార్థన అయ్యాక నన్ను పక్కకి పిలిచారు. "లెటర్ చేతికొచ్చాక పెట్టుకుందామా అమ్మా?" అన్నారు.

"అది అవిశ్వాసం కదండీ అయ్యగారూ," అన్నాను. "మీరే చెప్పారు కదా, పొందకముందే స్తుతించాలని."

ఆయన సరేనని డైరీలో రాసుకున్నారు. పాపం, ఆయన మాటే ఆయన మీదికి విసిరాను. మా ఆయన కూడా రెండు రోజులు గొణిగి ఊరుకున్నాడు. నలభై కుర్చీలకి చెప్పాం, మేడ మీద పెట్టుకోవడానికి ఇంటి ఓనరుగారు ఒప్పుకున్నారు. బగారా అన్నం, కోడికూర అనుకున్నాం. వంటకి సంఘంలో ఇద్దరు వస్తామన్నారు. పెద్దమ్మకి కూడా చెప్పాను. ఎలా చెప్పానో కూడా గుర్తుంది: "పెద్దమ్మా, నువ్వు పొద్దున్నే వచ్చేయ్, కుర్చీలు పైకి ఎక్కించాలి." అందరినీ పిలిచాను, ఆవిడని పనికి పిలిచాను.

శనివారం పొద్దున పదింటికి నేను అల్లం తొక్క గీకుతున్నాను. ఫోను మోగింది, మెయిలు. చేతులు చీర కుచ్చెళ్ళకే తుడుచుకుని తెరిచాను. ఆ పోస్టును ప్రస్తుతానికి నిలిపేశారట. నా వివరాలు దగ్గర ఉంచుకుంటారట. నా భవిష్యత్తుకి శుభాకాంక్షలట.

మూడుసార్లు చదివాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, బకెట్ నిండి పొర్లేదాకా అక్కడే కూర్చున్నాను. బయటికి వచ్చేసరికి మా ఆయన ఫోను చూసి ఉన్నాడు. శనివారం ల్యాబుకి సెలవు పెట్టాడు ఈ కూడిక కోసమే.

"నేను వాట్సాప్‌లో పెట్టేస్తా," అన్నాడు. "ఆరోగ్యం బాలేదని చెప్దాం. ఇప్పుడే పెడితే ఎవరూ బయల్దేరకముందే తెలుస్తుంది."

"ఏం పెడతారు? దేవుడు మాట తప్పాడని పెట్టండి."

"ఏంటి ఆ మాటలు?"

"మరేం మాటలు మాట్లాడమంటారు? ఏడేళ్ళు మీ అమ్మకి చేశాను, ఒక్క రోజు నోరెత్తలేదు. ఒక్కటడిగాను ఆయన్ని. ఒక్కటే."

మా ఆయన ఫోను గట్టు మీద పెట్టేశాడు. ఆ మాట ఆయనకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు, తెలిసే అన్నాను. కోపం వస్తే నేను ఎక్కడ తగులుతుందో చూసి మరీ కొడతాను.

అంతలో మేడ మెట్ల మీది నుంచి కేక. పెద్దమ్మ సెంటరులో ఊడ్పు ముగించుకుని అప్పటికే వచ్చి ఉంది. టెంటు సామాన్ల కొట్టు ఆటో ట్రాలీ కుర్చీలు దింపి వెళ్ళిపోతే, అయిదేసి చొప్పున తల మీద పెట్టుకుని మూడంతస్తులు ఎక్కిస్తోంది. "బిడ్డా, ఎన్ని వరుసలు ఎయ్యాలె?"

పైకి వెళ్ళాను. ఎండ ఇంకా ముదరలేదు. సగం కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపి ఉన్నాయి.

"వెయ్యొద్దు పెద్దమ్మా. కూడిక లేదు. ఉద్యోగం పోయింది."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "పోయిందా? ఎట్ల పోయింది? రానేలేదు గదా."

"అదే. రాలేదు."

"గట్లనా." కింద వంట జరిగే వైపు చూసింది. "మరి కోళ్ళు కోసిండ్రు గదా బిడ్డా."

ఆ క్షణంలో నాకు నవ్వు రావాలి. రాలేదు. ఆవిడ ఒక కుర్చీ లాగి నాకు వేసి, తను మెట్టు మీద కూర్చుంది. "ఉద్యోగం ఇయ్యలేదని దేవునితోటి మాటలు బందు పెట్టినవా?" అంది. "ఆయన ఏడికి పోతడు. ఫికర్ చెయ్యకు. ఇయ్యాల పిలిచినవు, జనం వస్తరు. వచ్చినోళ్ళకు అన్నం పెట్టి, స్తోత్రం చెప్పి పంపియ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరికే అనేశాను. "నీకేం తెలుసు పెద్దమ్మా? నువ్వు ఎప్పుడైనా కూడిక పెట్టావా? పెడితే తెలిసేది, నలభై మంది ముందు మొహం ఎలా చూపించాలో."

ఆవిడ నా వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది.

"లేదు బిడ్డా," అంది. "నాకేం వచ్చిందని పెడుత?"

లేచి, కుర్చీలు తెచ్చిన తాడు చుట్ట చుట్టి గోడకి తగిలించి, కిందికి దిగిపోయింది.

నేను ఆ మేడ మీద ఒక్కదాన్నే ఉండిపోయాను. కింద రోడ్డు మీద హాస్టలు పిల్లలు సంచులు తగిలించుకుని క్లాసులకి పోతున్నారు. ఆవిడ అన్న మాట వదల్లేదు నన్ను. ఇరవై ఏళ్ళుగా ఆ సంఘంలో ఉన్న మనిషి. అందరి ఉద్యోగాలకీ, అందరి పెళ్ళిళ్ళకీ, అందరి ఇళ్ళకీ కుర్చీలు మోసింది. తనకి ఏదీ రాలేదు కాబట్టి తను పిలవకూడదు అనుకుంది. ఆవిడకి అలా ఎవరు నేర్పారు? మేమే నేర్పాం. ప్రతి ఆదివారం లేచి నిలబడి, ఏదో ఒకటి వచ్చినవాళ్ళే కృతజ్ఞతలు చెప్పాలని మేమే నేర్పాం. ఆ లెక్కన ఈ రోజు నేను కూడా ఆవిడ వరుసలోనే ఉన్నాను.

ఆ తర్వాత నేను చేసింది విశ్వాసం అని గొప్పగా చెప్పుకోలేను. అందులో సగానికి పైగా మొండితనం. పిలిచాను కాబట్టి పెడతాను, అంతే. కారణం ఉంటే ఎవరైనా పెడతారు. కుర్చీలు నేనే విడదీసి వేశాను. ఒక్కొక్కటీ అంటుకుపోయి ఉంటే కాలితో తన్ని లాగాను. మొదటి వరుస మధ్యలో, అయ్యగారికి ఎదురుగా ఒక కుర్చీ మీద తువ్వాలు వేశాను. కిందికి వచ్చి, "వాట్సాప్‌లో ఏం పెట్టకండి," అని మా ఆయనకి చెప్పాను. "ఇందాక అన్నదానికి తప్పయింది," అని కూడా చెప్పాను. ఆయన నా చేతిలోంచి అల్లం తీసుకుని గీకడం మొదలుపెట్టాడు.

ఆరింటికి అందరూ వచ్చారు. చేతుల్లో పండ్లు, ఒకరి చేతిలో కేకు కూడా. దాని మీద అభినందనలు అని రాసి ఉంది. ఆ కేకు చూడగానే మెట్లు దిగి పారిపోదామనిపించింది. పెద్దమ్మ మెట్ల దగ్గర చెప్పులు వరుసగా పెడుతోంది. "పెద్దమ్మా, నీ కుర్చీ ముందుంది," అన్నాను. "నాకెందుకు బిడ్డా, ఇక్కడ ఉంట," అంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తువ్వాలు వేసిన కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది, ఎవరైనా లేవమంటే లేవడానికి వీలుగా.

పాటలయ్యాయి. ప్రార్థన అయింది. అయ్యగారికి మాత్రం ముందే చెప్పాను. ఆయన నాకేసి చూసి, "సహోదరి ఇప్పుడు సాక్ష్యం చెప్తారు," అన్నారు.

లేచాను. "ఎక్కువ సమయం తీసుకోను," అనబోయి ఆపుకున్నాను.

"ఈ కూడికకి ఒక కారణం చెప్పి మిమ్మల్ని పిలిచాను. ఆ కారణం పొద్దున పదింటికి పోయింది. ఉద్యోగం రాలేదు. కోడికూర మాత్రం ఉడికింది."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. పక్క మేడ మీద ఎవరో బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏం చెప్పాలో నేను అనుకోలేదు. అనుకోకుండానే ఇంటర్వ్యూ సంగతి వచ్చింది.

"అక్కడ నన్ను అడిగారు, పదకొండేళ్ళు ఏం చేశారని. ఏమీ లేదు అన్నాను. పొద్దుటి నుంచీ నాకు ఆ మాటే చెవిలో పడుతోంది. మా అత్తగారు మీకు తెలుసు. మాట పోయాక ఏడేళ్ళు ఆవిడ ఎడమచెయ్యి ఒక్కటే పని చేసేది. రోజూ సాయంత్రం నేను మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేస్తే ఆ చేత్తో నా మణికట్టు పట్టుకునేది. ఆమెన్ అనేదాకా వదిలేది కాదు. నాకు విసుగొచ్చిన రోజు ప్రార్థన తొందరగా ముగించేసేదాన్ని. అప్పుడు ఆమెన్ అన్నా వదిలేది కాదు, సరిగ్గా చెయ్యి అన్నట్టు. ఆఖరి రోజు కూడా పట్టుకుంది. ఆ ఏడేళ్ళలో నా చెయ్యి పట్టుకోని సాయంత్రం ఒక్కటి లేదు. అటువంటి ఏడేళ్ళని నేను ఏమీ లేదు అని చెప్పి వచ్చాను. ఉద్యోగం రాలేదని కాదు, ఆ మాట అన్నందుకు నేను దేవుణ్ణి క్షమాపణ అడగాలి. ఆ ఏడేళ్ళు నాకిచ్చినందుకు స్తోత్రం చెప్పాలి. ఇంతవరకు ఎప్పుడూ చెప్పలేదు. ఈ కూడిక దానికే."

మా ఆయన ఆఖరి వరుసలో తల దించుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. వాళ్ళమ్మ కోసం ఆయన ఏడవడం అదే మొదటిసారి చూశాను. నాలో పొద్దుటి మంట అప్పుడే చల్లారిపోయిందని చెప్తే అబద్ధం. ఉద్యోగం కావాలనే ఉంది. కాని ఎన్నాళ్ళ నుంచో బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. నా దగ్గర ఏమీ లేదన్న లెక్క తప్పని, ఆ లెక్క తప్పు వేసుకుంది నేనేనని తెలిసింది. సంతోషం వేసింది. ఆ మాట తప్ప వేరే మాట నాకు తెలియదు.

"ఇంకొకటి," అన్నాను. "పొద్దున ఇక్కడే పెద్దమ్మని ఒక మాట అన్నాను. నువ్వెప్పుడైనా కూడిక పెట్టావా అని. మీ అందరి ముందు క్షమించమని అడుగుతున్నాను."

పెద్దమ్మ కంగారుపడి లేచింది. తువ్వాలు కింద పడింది. "అయ్యో, గంత మాట ఎందుకు బిడ్డా," అంది. కూర్చోబోయింది. మళ్ళీ ఏమనుకుందో, నిలబడే అయ్యగారి వైపు తిరిగింది. "అయ్యగారూ, నేను సుత కూడిక పెడుత. వచ్చే నెల, మొదటి ఆదివారం పొద్దుమీకి, ఆరు గంటలకు. మా ఇంట్ల."

"చాలా సంతోషం పెద్దమ్మా," అన్నారు అయ్యగారు. అలవాటు కొద్దీ అడిగారు కూడా, "ఏం సందర్భం?"

"సందర్భం లేదు," అంది పెద్దమ్మ. "అందరు రావాలె."

అభినందనల కేకు ఆవిడ చేతే కోయించాం.

సోమవారం పొద్దున మళ్ళీ నా కుర్చీలో కూర్చున్నాను, కిటికీ పక్కన, మూడో వరుసలో. కోర్సు అయిపోయినా ప్రాక్టీసుకి కూర్చోనిస్తారు, పదో ఇంటర్వ్యూకి చదువుకోవాలి. పెద్దమ్మ తడిగుడ్డతో వచ్చి, "మేడమ్, జర కాళ్ళు..." అంది. "ఎత్తాను పెద్దమ్మా," అన్నాను, వెనక వరుస దాకా వినపడేలా. పక్కన కూర్చున్న పిల్ల, "మీ బంధువులా ఆంటీ?" అని అడిగింది. అవునన్నాను. పెద్దమ్మ ఆ రోజు నా కుర్చీ కింద రెండుసార్లు తుడిచింది.

ఉద్యోగం ఏమయిందని అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. పదో ఇంటర్వ్యూలో కూడా అదే ప్రశ్న అడిగారు. "మా అత్తగారిని చూసుకున్నాను. బాగా చూసుకున్నాను," అన్నాను. ఆ ఉద్యోగం రాలేదు. అలాగే చెప్పుకుంటూ పోయాను, పద్నాలుగో చోట తీసుకున్నారు. బేగంపేటలో ఆఫీసు. మెడలో కార్డు వేలాడుతుంది, ఫోటోలో మొహం ఉబ్బినట్టు ఉంటుంది. సంఘంలో అందరూ కూడిక ఎప్పుడు అని అడిగారు. దానికి పెట్టేశాను కదా అన్నాను.

పెద్దమ్మ కూడిక మాత్రం చెప్పాలి. యూసుఫ్‌గూడలో ఆవిడది సందులో చివరి గది. లోపల మంచం వేస్తే నలుగురు నిలబడే చోటు. అందుకని కుర్చీలు సందులోనే వేయాలి. మధ్యాహ్నమే వెళ్ళాను. ట్రాలీ సందు మొదట్లోనే ఆగిపోయింది. అయిదేసి తలకెత్తుకోవడం నావల్ల కాలేదు, మూడేసి మోశాను. నాలుగో విడతకే మెడ పట్టేసింది. ఇరవై ఏళ్ళు ఈ పని ఎలా చేసిందో అనుకున్నాను. పెద్దమ్మ గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఆ వరుస వంకర పోయింది బిడ్డా," అని నాకు పని చెప్పింది. ఎంత దర్జాగా చెప్పిందంటే, పక్కింటివాళ్ళు తలుపులు తీసి చూశారు.

భోజనం లేదు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. పాటలయ్యాక అయ్యగారు సాక్ష్యం చెప్పమన్నారు. పెద్దమ్మ లేచి, కొంగు తల మీదికి లాక్కుని, గొంతు సవరించుకుంది.

"రెండు నిమిషాల్ల ముగిస్త," అంది. అందరం గొల్లున నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

"ఇరవై ఏండ్ల సంది అందరి కూడికలకు నేను కుర్చీలు మోసిన. ఇయ్యాల నా కూడికకు ఇంకొకరు మోసిండ్రు. దేవునికి స్తోత్రం."

కూర్చుంది. రెండు నిమిషాలు కాదు, ఒక్క నిమిషం కూడా పట్టలేదు. చాయ్ తాగి అందరూ వెళ్ళాక, కుర్చీలు మళ్ళీ మూడేసి చొప్పున సందు మొదటి దాకా నేనే మోశాను.